గ్లాసులు పగలగొట్టే డాక్టరమ్మ

మొన్న అమలాపురం గడియారస్తంభం సెంటర్లో టీ తాగుతుంటే వెనకబల్ల దగ్గర ఓ గాజుగ్లాసు జారి భళ్ళుమంది. కొట్లో ఉన్నవాళ్ళంతా గ్లాసు పడేసిన పెద్దమనిషి వైపు తిరిగారు. నేను మాత్రం గుమ్మం వైపు చూశాను. టీకొట్టాయన కూడా అటే చూశాడు. తర్వాత ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నాం.

"డాక్టరమ్మగారు గుర్తొచ్చేరాండీ?" అన్నాడు.

"ఆయ్," అన్నాను.

ఆ అమ్మాయి ఈ ఊళ్ళో ఉన్న రెండేళ్ళూ ఆ కొట్లో గ్లాసు పగిలిందంటే ఎవరి చేతిలోంచి జారిందని ఎవరూ అడిగేవారు కాదు. చివరికి కొట్టాయన ఆమె కోసం ఓ స్టీలు గ్లాసు కొని విడిగా పెట్టాడు. అదిప్పటికీ అల్మారాలో ఉంది, సొట్టలతో సహా.

పేరు రాయను. రాస్తే ఫోన్ చేసి, "నా గ్లాసుల సంగతి పేపరుకెక్కించేరా బాబాయిగారూ?" అంటుంది. ఇప్పుడు విశాఖలో ఓ ఆసుపత్రిలో పనిచేస్తోంది. పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవాళ్ళకి మళ్ళీ గ్లాసు పట్టుకోవడం నేర్పుతుంది. గ్లాసు పట్టుకోవడం! ఆ సంగతి తెలిసిన రోజున టీకొట్టాయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

మా పేపరు ఆఫీసుకి మొదటిసారి వచ్చిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. బయటికి తెరుచుకునే తలుపుని మూడుసార్లు లోపలికి తోసింది. నాలుగోసారి తోయబోతుంటే వెనకాల వచ్చినవాళ్ళెవరో తలుపు బయటికి లాగేసరికి ఆ ఊపుతోనే వచ్చి నా బల్లకి తగిలింది. బల్లమీది పాత పేపర్ల కట్ట కింద పడింది. పొట్టి మనిషి. జేబులున్న కాటన్ కుర్తా. మోచేతికి ప్లాస్టరు.

"క్షమించండి. మెదడు ముందు వచ్చేసిందండీ, నేను వెనకాల వస్తున్నాను," అంది పేపర్లు ఏరుతూ.

ఆ మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. గుమ్మం తగిలినా, సైకిలు పడినా, చారు ఒలికినా అదే మాట.

బెంగుళూరులో ఓ పెద్ద చదువుల సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. మెదడు మనిషి కదలికల్ని ఎలా నడిపిస్తుందన్నది ఆమె పరిశోధన. తండ్రి రాజోలు దగ్గర లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యారు. తల్లి నర్సు. "చిన్నపిల్లలకి కూడా నొప్పి తెలీకుండా ఇంజెక్షన్ చేసే చెయ్యండి నాది. నా కడుపున ఆ చేతులెలా పుట్టేయో," అని ఆవిడ నాతోనే అన్నారు. వాళ్ళ చర్చిలో ఈ అమ్మాయి వచ్చే ఆదివారాలు పూలకుండీ ఓ మూలకి జరిపేవారట. ఆ సంగతి కూడా ఆవిడే చెప్పారు, అమ్మాయి ఎదురుగానే. అమ్మాయి అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఆమెతో స్నేహం చేస్తే ఓ ప్రమాదం ఉండేది. ప్రశ్నలడిగేది.

"బాబాయిగారూ, చొక్కా బొత్తాం పెట్టుకునేటప్పుడు ముందు కదిలేది మీ బొటనవేలా, చూపుడువేలా అండీ?"

"ఎప్పుడూ చూసుకోలేదమ్మా."

"రేపు చూసి చెప్పండి."

మర్నాడు ఆఫీసుకి అరగంట ఆలస్యంగా వెళ్ళాను. మూడో బొత్తాం దగ్గర వేళ్ళు ఒకదానికొకటి అడ్డం పడి కదలనన్నాయి. చివరికి మా ఆవిడ వచ్చి పెట్టింది.

రావులపాలెం బస్సులో కండక్టరుది ఇంతకంటే ఘోరం. భారీ మనిషి. ఒక చేతిలో టిక్కెట్ల మిషను, ఇంకో చేతిలో చిల్లర. దేన్నీ పట్టుకోకుండా, దేనికీ ఆనుకోకుండా బస్సు మధ్యలో నిలబడి, ఎన్ని కుదుపులొచ్చినా ఊగకుండా టిక్కెట్లు కొడుతున్నాడు. ఈ అమ్మాయి మురిసిపోతూ చూసి చూసి అడిగేసింది.

"కండక్టరుగారూ, మలుపు వచ్చినప్పుడు మీరు ముందు ఏ కాలు ఆనిస్తారండీ?"

ఆయన ఆలోచనలో పడ్డాడు. "ఏ కాలా... ఉండండి చూసి చెప్తాను," అన్నాడు. కొత్తపేట మలుపులో చూసుకున్నాడు కూడా. చూసుకుంటూనే వెళ్ళి ఓ ముసలావిడ వంకాయల బుట్టలో కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ పడ్లేదండి! ఏం మంత్రం వేసేరండి తల్లీ!" అన్నాడు లేస్తూ. ముసలావిడ మాత్రం, "కాలు సంగతి తర్వాతండి కండక్టరుగారూ, ముందు నా వంకాయల సంగతి చెప్పండి," అంది. బస్సంతా నవ్వులు.

"అడక్కూడని ప్రశ్న అడిగేశానండీ," అని వంకాయలు ఏరి, నాకు చెప్పింది. "మెదడులో పైగదీ కిందగదీ ఉన్నాయనుకోండి బాబాయిగారూ. బాగా అలవాటైన పనిని కిందగదివాడు చూసుకుంటాడు. వాడికి మాటలు రావు, పని వచ్చు. పైగదిలో పెద్దమనిషి దిగొచ్చి, 'ఏదీ, ఎలా చేస్తున్నావో చూపించు' అన్నాడనుకోండి, వాడు కంగారుపడిపోతాడు. అసలా ఇద్దరి మధ్యా ఏం జరుగుతుందో తెలుసుకోవాలనే నా గోలంతా."

అందుకోసమే కొబ్బరి వలిచేవాళ్ళు కావాలని మా ఆఫీసుకి వచ్చింది. అంబాజీపేట దారిలో నాకు తెలిసిన ఓ కొబ్బరి షెడ్డుంటే తీసుకెళ్ళాను. నేలలో నిలువుగా పాతిన ఇనపగునపం, దాని మొన పైకి. కాయని రెండు చేతుల్తో ఎత్తి మొనమీద పొడిచి మెలితిప్పితే ఓ పీచు డొక్క ఊడుతుంది. అలాంటి పోట్లు మూడు పడితే కాయ నున్నగా బయటికొస్తుంది. ఆ మొన అరచేతికీ పొట్టకీ ఎంత దగ్గరగా వెళ్తుందో చూస్తే కొత్తవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళు మాత్రం అటు చూడనైనా చూడరు.

షెడ్డుకి పెద్దని అందరూ మేస్త్రిగారంటారు. సన్నటి మనిషి, అరవై దాటాయి. సంగతి విని ఆయన అడిగింది ఒక్కటే.

"మిషను కనిపెట్టడానికా అండి?"

"కాదండీ. మీ చెయ్యి ఎలా పనిచేస్తుందో తెలుసుకోడానికి."

"ఆయ్. అయితే రండి."

వలిచేవాళ్ళ మణికట్టుకీ మోచేతికీ భుజానికీ మెరిసే చిన్న బిళ్ళలు అంటించి, ఎదురుగా కెమెరాలు పెట్టి, కంప్యూటరు ముందు కూర్చునేది. డొక్కలు ఏరే ఆడమనిషి ఒకామె షెడ్డులో ఉండేది. ఆమె నోటికి అడ్డులేదు. "మా మగాళ్ళకి మోచేతులకి బొట్టుబిళ్ళలు పెట్టేరేంటండీ డాక్టరమ్మగారూ, పేరంటానికేమైనా పిలిచేరా?" అనేది. మూడు నెలలు ఇలా గడిచింది.

ఓ రోజు టీకొట్లో ఆ అమ్మాయి స్టీలు గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చుంది. బెంగుళూరు నుంచి వాళ్ళ గైడు ఫోన్ చేశారట.

"రికార్డింగులన్నీ పనికిరావన్నారండీ. చెయ్యి కదలికకి కంప్యూటర్లో వచ్చే గీత సాఫీగా రావాలి కదా. ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఆగడం, ఆలోచించడం, మళ్ళీ పొడవడం. ఇవాళే నేర్చుకున్నవాళ్ళ చెయ్యిలా ఉంది. మీ ఊరివాళ్ళకి వలవడం రాదమ్మా, ఇంకెవరినైనా చూసుకో అంటున్నారు."

గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇంకో ఏడాదిలో థీసిస్ ఇవ్వకపోతే అయిదేళ్ళ చదువు అక్కడితో ఆగిపోతుంది. ఆ రోజు ఆమె ఏమీ పగలగొట్టలేదు. అది చూసి నాకు నిజంగా భయమేసింది.

గొడుగు షెడ్డులో మర్చిపోయానని ఆమె అంటే స్కూటరు మీద తీసుకెళ్ళాను. షెడ్డు ఇంకా కనిపించకముందే చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. ఊపిరి తీసుకునే సందు లేదు. ఆ అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకుంది. బండి ఆపి, కొబ్బరాకుల దడి సందులోంచి చూశాం.

లోపల మేస్త్రిగారు తన వియ్యంకుడి కథ చెబుతున్నారు. ఆ వియ్యంకుడు పడవలోంచి దిగబోయి గోదాట్లో ఎలా కూర్చున్నాడో చేతుల్తో చూపించాలి కానీ చేతులు ఖాళీ లేవు. తలతో, కనుబొమ్మలతో చూపిస్తున్నారు. అందరూ పడీపడీ నవ్వుతున్నారు. ఒక్కడూ గునపం వైపు చూడటంలేదు. కాయలు మాత్రం ఒకదాని వెనక ఒకటి ఎగిరి రాశిమీద పడుతున్నాయి.

ఆమె దడి పక్కకి తోసుకుని లోపలికి వెళ్ళింది. దడి కూడా కొంత ఆమెతో వెళ్ళింది.

చప్పుడు ఆగిపోయింది. మేస్త్రిగారు భుజంమీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని, "రండమ్మా" అని, ఓ కాయ తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. నెమ్మదిగా గునపంమీద ఆనించారు. ఓ డొక్క తీసి ఆగారు. ఆమె చూసిందో లేదో గమనించి రెండోది తీశారు. వలిచిన కాయని రెండు చేతుల్తో పైకెత్తి, దేవుడికి చూపించినట్టు ఆమెకి చూపించారు.

"ఇదేంటి మేస్త్రిగారూ! ఇప్పటిదాకా వలిచింది మీరు కాదా?"

"మేమేనండి."

"మరి నేనున్నప్పుడు అలా ఎందుకు వలవరండీ?"

ఆయన నొచ్చుకున్నారు. "మీరు చూత్తుండగా అలాగ వలుత్తామాండి? ఎంత తప్పు! పెద్ద చదువు చదివినోరు మా చెయ్యి చూడ్డానికొచ్చేరు. గబగబా వలిచేత్తే తొందరగా ఎల్లిపోండి అన్నట్టుండదాండి? ఇంటికొచ్చినోళ్ళకి విస్తట్లో గబగబా వడ్డించేసి చెయ్యి దులుపుకుంటామా?"

మొదటిరోజే మనుషులందరికీ గట్టిగా చెప్పారట. శుభ్రమైన చొక్కాలేసుకోవాలి, మెత్తటి కాయలు ఏరి పక్కన పెట్టాలి, డాక్టరమ్మగారికి బాగా కనిపించేలా కాస్త పక్కకి తిరిగి ఒక్కో పోటూ ఆగి ఆగి పొడవాలి అని. మూడు నెలలు అందరూ తు.చ. తప్పకుండా పాటించారు.

ఆ అమ్మాయి డొక్కల కుప్పమీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది. కుప్ప కదిలి కిందికి జారింది. జారుతూ కూడా నవ్వుతూనే ఉంది.

"మూడు నెలల కష్టమండీ బాబాయిగారూ! మర్యాదలో కొట్టుకుపోయింది!"

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. మర్యాద చెయ్యొద్దని బతిమాలితే, "ఆయ్, అలాగేనండి" అని మరింత మర్యాదగా వలిచేవారు. కెమెరాలు దాచింది. అవి ఎక్కడ దాచిందో తెలుసుకుని, అటు తిరిగి వలిచేవారు. ఆమె అక్కడ ఉన్నంతసేపూ ఆ చేతులు సభకి వచ్చినట్టుగానే ఉండేవి.

ఓ సోమవారం ఉదయం కెమెరా లేకుండా, కంప్యూటరు లేకుండా వచ్చింది. చెప్పులు విడిచి, చివరి గునపం దగ్గర నిలబడింది.

"నాకు నేర్పండి."

ఆమెని ఎరిగినవాణ్ణి గనక రెండడుగులు వెనక్కి జరిగాను. మొదటి కాయ గునపం తప్పి పంటకాలవలో పడింది. రెండోది నా స్కూటరు అద్దం పగలగొట్టింది. మూడోది గునపానికి గుచ్చుకుని సాయంత్రందాకా రాలేదు. డొక్కలు ఏరే ఆమెకి పండగే. "డాక్టరమ్మగారండీ, ఆ కాయకి మీరంటే భయమండీ, ఎలా పారిపోతందో చూడండి," అనేది. నాలుగోరోజుకి ఆ మాటలో ఒక 'అండీ' తగ్గింది. పదోరోజుకి రెండోదీ పోయింది. వలిచేవాళ్ళు పందేలు కాసేవారు, ఇవాళ కాయ కాలవలోకా రోడ్డుమీదికా అని. గెలిచినవాడికి మిగతావాళ్ళు టీ పోయించాలి.

మేస్త్రిగారు మాత్రం చాలా రోజులు పట్టుదలగా మర్యాద నిలబెట్టారు. "అమ్మగారూ, ఎడంచెయ్యి కాస్త పైకండి... ఆయ్, ఇంకాస్తండి..." అనేవారు. తన గునపం దగ్గర వలుస్తూ ఓ కన్ను ఎప్పుడూ ఈమె అరచేతుల మీదే ఉంచేవారు. ఓ రోజు ఆమె కాయ ఎత్తి, ఏదో అడగడానికి నావైపు తిరుగుతూనే పోటు దించింది.

"ఓసేయ్! చెయ్యి తియ్యవే! గునపం కనపడతల్లేదా? కళ్ళు ఎక్కడెట్టుకున్నావ్!"

చెయ్యి వెంట్రుకవాసిలో తప్పింది. మేస్త్రిగారు నాలిక కరుచుకున్నారు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పయిపోయిందమ్మగారూ, కంగార్లో..." అంటున్నారు. ఆ అమ్మాయి ఆయన మాటలు వినటంలేదు. ఆయన గునపం వైపు వేలు చూపిస్తోంది. అరుస్తూ అరుస్తూనే, ఆమె చేతినుంచి కన్ను తిప్పకుండానే, ఆయన కాయ వలిచి రాశిమీద వేసేశారు.

"రేపు కెమెరా తెస్తాను బాబాయ్! నన్ను ఇలాగే తిట్టు!" అని ఎగిరింది.

అప్పట్నించి ఆయన ఆమెకి బాబాయి. ఆమె ఆ షెడ్డులో 'అమ్మాయ్'. ఆమెని కనిపెట్టుకుని ఉండటంలో, ఎగతాళి చెయ్యడంలో పడి అందరూ తమ చేతుల సంగతి మర్చిపోయారు. గీత సాఫీగా వచ్చింది. గోదారిలా వచ్చిందండీ అని ఫోన్లో అరిచింది. పనికిరావన్న మూడు నెలల రికార్డింగులనీ పారెయ్యలేదు. అవే మనుషులు, అవే చేతులు. ఒకసారి పైగదిలో పెద్దమనిషి దిగొచ్చి నిలబడ్డాడు, ఒకసారి కబుర్లలో పడి తప్పుకున్నాడు. ఆ రెంటి మధ్య తేడాయే ఆమె పరిశోధన అయింది.

చివరి పరీక్షకి బెంగుళూరు రమ్మని మేస్త్రిగారిని పిలిచింది. భాషకి తోడుగా నన్నూ రమ్మన్నారాయన. తువ్వాల్లో చుట్టిన గునపంతో, సంచిలో కొబ్బరికాయలతో దిగాం.

ఢిల్లీనుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చిన ప్రొఫెసరు గారు తెల్లటి గడ్డం, మెత్తటి మాట ఉన్న మనిషి. అంతా శ్రద్ధగా విని, మెత్తగానే అన్నారు. "మొదటి రికార్డింగు నమ్ముతాను. రెండోది నమ్మలేను. పక్కకి చూస్తూ, మాట్లాడుతూ, ఇంత పదునైన మొనమీద ఇంత వేగంగా మనిషి చెయ్యి ఆడదు. రికార్డింగు వేగం పెంచినట్టుంది."

ఆ మాట కాగితంమీదికి ఎక్కితే పట్టా రాకపోవడం ఒక్కటే కాదు, మోసం చేసిందన్న పేరు కూడా వస్తుంది. ఆ అమ్మాయి మేస్త్రిగారి వైపు చెయ్యి చూపించింది. "ఆ మనిషి ఇక్కడే ఉన్నారు సార్," అంది.

తోటలో గునపం పాతారు. ప్రొఫెసర్లు అర్ధచంద్రంలా నిలబడ్డారు. మేస్త్రిగారు అందరికీ నమస్కారం పెట్టారు. కాయ తీశారు. తిప్పి చూశారు. అయిపోయిందనుకున్నాను. ఒక్కో డొక్కకీ ఆగి, ఎవరికి కనిపించలేదోనని అటూ ఇటూ తిరిగి చూపించి, చివరికి కాయని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నారు.

ఢిల్లీ ఆయన తలాడించి పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

"బాబాయ్, మామూలుగా వలువు," అంది ఆమె.

"ఆయ్," అన్నారాయన. రెండోది ఇంకా నెమ్మదిగా వలిచారు. ఎదురుగా ఉన్నది అంత పెద్దవాళ్ళు మరి.

అప్పుడే ప్యూను టీ కప్పుల ట్రే పట్టుకుని వచ్చాడు. ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది. మోచెయ్యి ట్రేకి తగిలింది. కప్పులన్నీ గాల్లోకి లేచి ఢిల్లీ ప్రొఫెసరు గారి బూట్లమీద పడ్డాయి.

"అయ్యో అయ్యో అమ్మాయ్! నీ చేతులు పాడుగాను! ఎనకాల మనిషున్నాడో లేదో చూసుకోవద్దా ఎవరైనా? మొన్న మా ఇంటికాడ మీ పిన్ని మజ్జిగ కుండ ఏం చేసేవు? ఆ పెద్దాయన కాళ్ళు కాలేయో, నిన్ను మీ అమ్మగారికి అప్పజెప్పి రాపోతే చూడు! ఎవరైనా నీళ్ళు తెండయ్యా! ఇంతింత చదువు దేనికి, ఓ టీకప్పు దగ్గర నిలబడ్డం రానప్పుడు..."

ఢిల్లీ ఆయన బూట్లవైపు చూసుకోవడంలేదు. మేస్త్రిగారి చేతులవైపు చూస్తున్నారు. తిట్లు ఆగేసరికి సంచిలో మిగిలిన కాయలన్నీ నున్నగా గడ్డిమీద దొర్లుతున్నాయి. గునపం చుట్టూ డొక్కలు. సంచి ఖాళీ అయిన సంగతి మేస్త్రిగారికే తెలీదు. ఇంకో కాయకోసం చెయ్యి తడుముతోంది.

ప్రొఫెసరు గారు నావైపు వంగి, "ఆయన ఏమంటున్నారు?" అని అడిగారు.

"ఈ అమ్మాయికి చేతులు పనిచెయ్యవంటున్నారండీ," అన్నాను.

ఆయన పుస్తకం తెరిచి, రాసింది కొట్టేశారు. తర్వాత తడిబూట్లతోనే వెళ్ళి మేస్త్రిగారి చేతులు పట్టుకున్నారు. మేస్త్రిగారు సిగ్గుపడి, "ఆయ్, ఆయ్" అంటూ ఆ చేతుల్ని తువ్వాలుతో తుడవబోయారు.

తిరుగు ప్రయాణంలో తెల్లారాక, రైలు గోదావరి వంతెన దగ్గరికొస్తుంటే నాలో ఉన్న విలేకరి ఊరుకోలేక అడిగాడు. "నిజం చెప్పమ్మా. ఆ ట్రే కావాలనే పడేశావా?"

కిటికీ పక్కన కూర్చున్న కొత్త డాక్టరమ్మ పకపకా నవ్వింది.

"కావాలని పడెయ్యగలిగేంత పట్టు నా చేతులకుంటే, ఈ చదువంతా ఎందుకు చదువుతాను బాబాయిగారూ?"

అంటూ మంచినీళ్ళ సీసాకోసం చెయ్యి చాచింది. చెయ్యి తగిలి సీసా బల్లమీంచి జారింది. అవతలి సీట్లో ఎవరో పెద్దాయనకి వియ్యంకుడు గోదాట్లో కూర్చున్న కథ చెబుతున్న మేస్త్రిగారు ఇటు తల కూడా తిప్పలేదు. ఎడంచెయ్యి చాచి, పడుతున్న సీసాని పట్టుకుని, ఆమె చేతిలో పెట్టి, కథ కొనసాగించారు.